పడని పాలు

6 జూన్ 2024, గురువారం

పాలు పడ్డాయి. మూడో రోజుకే పడ్డాయి. పోయినసారి ఐదు రోజులు పట్టింది.

పొద్దున హోసూరు నర్సింగ్ హోమ్ నుంచి నేరుగా ఊరికి వచ్చేశాం. పుట్టినప్పుడు పాప బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. వేప్పనపల్లి దాటాక రోడ్డు తవ్వి పెట్టారు. ఆటో ఎగిరినప్పుడల్లా మామ (పెళ్లయినా మా ఆయన్ను అలాగే పిలుస్తాను) "మెల్లగ పోప్పా, బిడ్డ ఉండాది" అని డ్రైవరును కసిరాడు. కసురుతూనే నవ్వుతున్నాడు. మామ నవ్వి రెండేళ్లయింది.

ఈ డైరీ మామకు కంపెనీలో ఇచ్చింది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఇందులో నేనేం రాసినా ఇంట్లో ఎవరూ చదవలేరు. మామ తమిళ మీడియం, అవ్వది వేలిముద్ర. మా బడిలో తెలుగు మీడియం ఆఖరి బ్యాచ్ మాదే.

ఈసారి నా పాలే ఇస్తాను. ఎవరేం చెప్పినా ఆపను. ఇది రాసి పెట్టుకోవడానికే మొదలుపెట్టాను.

8 జూన్

నిన్న పొద్దుటి నుంచి పద్నాలుగు గుడ్డలు మార్చాం. అన్నీ తడిసి ముద్ద. రోజుకు ఆరు గుడ్డలు తడిస్తే బిడ్డకు పాలు చాలినట్టని హోసూరులో సిస్టర్ చెప్పింది. మాకు పద్నాలుగు!

దొడ్డికి మాత్రం పోలేదు. తాగిందంతా ఒంటికి పడుతోందేమో.

9 జూన్

పదహారు గుడ్డలు. ఎప్పుడూ రొమ్ము వదలదు. ఇంత ఆకలి మంచిదే.

10 జూన్

అవ్వ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పాపకు స్నానం చేయించి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని చాలాసేపు చూసింది. తొడ దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. మడత అలాగే నిలబడింది.

"నీ పాలు ఈ బిడ్డకు పడలే అమ్మణ్ణీ. నిలిపెయ్. మేకపాలు తెప్పిస్తా."

నేను పాపను లాక్కున్నాను. లాక్కోకూడదు, తెలుసు. అమ్మ పోయినప్పుడు నాకు పదహారేళ్లు. అప్పటి నుంచి తల దువ్వి, అన్నం కలిపి పెట్టింది ఈ అవ్వే. అమ్మకు అమ్మ. ఆమె కొడుకును, మా మేనమామ పరశురామ్‌ను చేసుకున్నాక అత్త కూడా అయింది. నోట్లో ఎప్పుడూ "అవ్వా" అనే వస్తుంది.

"పోయినసారి నీ మాట ఇనే కదవ్వా మాన్పించినాను. ఏమాయ?"

అవ్వ లేచింది. గుడ్డలు ఉతకడానికి వెళ్లిపోయింది.

బాబు పందొమ్మిది రోజులు బతికాడు. ఎనిమిదో రోజున నా పాలు మాన్పించి, ఆవుపాలలో నీళ్లు, చక్కెర కలిపి పోశారు. చెంచాతో పోసింది నేనే. ఫిట్స్ వచ్చి పోయాడు. నా పాలు మానకపోయి ఉంటే బతికేవాడు. రెండేళ్లుగా అవ్వతో ఈ మాట అనలేదు. ఇవాళ అనేశాను.

అనాల్సిందే.

11 జూన్

ఒళ్లు కాలుతోంది. ఊళ్లోకి వచ్చే నర్సమ్మ తూకం వేసింది. రెండు కిలోల రెండు వందలు. తూకం సరిగా లేదేమో అని మళ్లీ వేయించాను. అంతే.

"పాలు చాలలేదేమోమ్మా. గంట గంటకూ తాపు" అంది. గంట కాదు, అరగంటకొకసారి తాపాను. ఎంత తాపితే అంత తడుపుతోంది. ఏడుపు సన్నగా, పిల్లి కూనలా వస్తోంది.

నుదురు పైన మెత్తగా కొట్టుకునే చోటు లోపలికి గుంటపడింది. బాబుకూ అలాగే

12 జూన్

కృష్ణగిరిలో ఉన్నాం. పిల్లల ఆసుపత్రి. పొద్దున పాలు పట్టబోతే నోరు తెరవలేదు. మామ హోసూరులో షిఫ్టులో ఉన్నాడు. వరదప్ప మామిడికాయల టెంపో ఊళ్లో ఉంటే అందులోనే ఎక్కేశాం. నేను, పాప, అవ్వ. ఘాటు దగ్గర మామిడి లారీల వరుస. అవ్వ టెంపో దిగి లారీల ముందు నడుస్తూ "బిడ్డ పోతా ఉందప్పా, దారి ఇడండప్పా" అని అరుస్తూ దారి చేసింది. అరవయ్యేళ్ల మనిషి, చెప్పులు లేకుండా.

రక్తంలో ఉప్పు చాలా ఎక్కువైందట. ఒంట్లో నీళ్లు లేవట. నరం దొరక్క నాలుగు చోట్ల పొడిచారు. చివరికి తలలో దొరికింది.

డాక్టరమ్మ పేరు అంబిక. ఎక్కువ మాట్లాడదు. మూడు రోజులు గడవాలి అంది.

13 జూన్

ఉచ్చ కొలవాలని పాపకు సన్నని గొట్టం పెట్టి సంచి తగిలించారు. సాయంత్రం అముద సిస్టర్ సంచి చూసి, గుడ్డ చూసి, మళ్లీ సంచి చూసింది. సంచిలో అడుగున నాలుగు చుక్కలు. గుడ్డ నిండా నీళ్లు.

"ఏమ్మా, ఇది ఉచ్చ అనుకున్నారా?"

"అవును సిస్టర్."

"ఉచ్చ అంతా సంచిలోకి పోతా ఉంది. గుడ్డలో ఉండేది విరేచనం. ఉత్త నీళ్లు. పుట్టినప్పటి నుంచీ ఇట్లేనా?"

పద్నాలుగు గుడ్డలు. పదహారు గుడ్డలు. లెక్క పెట్టుకుని మురిసిపోయాను.

14 జూన్

నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. డ్రిప్పు మాత్రమే. సాయంత్రానికి విరేచనం ఆగింది. పూర్తిగా. గుడ్డ పొడిగా ఉంది. పాప కళ్లు తెరిచి లైటు వైపు చూసింది.

సంతోషపడాలి. నా పాలు ఆపగానే కోలుకుంది. అవ్వ ఏమీ అనలేదు. అనకుండా వరండాలో కూర్చుని ఉంది. అంటే బాగుండేది.

15 జూన్

పొద్దున గొట్టంతో కొంచెం ఓఆర్ఎస్ పోశారు. మధ్యాహ్నానికి మళ్లీ నీళ్లు, మునుపటి కంటే ఎక్కువ. ఆపారు. ఆగింది. పాలచక్కెర లేని డబ్బా పాలు పోశారు. మళ్లీ నీళ్లు. అందరు బిడ్డలనూ బతికించే మందు మా పాపను ఎండబెడుతోంది.

చిన్న డాక్టర్ ప్రజ్వల్ వచ్చి, ఉచ్చలో చక్కెర కనబడిందనీ, రక్తంలో మాత్రం మామూలుగానే ఉందనీ చెప్పి, తనే తల గోక్కుంటూ వెళ్లాడు. పదకొండు రోజుల బిడ్డకు షుగర్ జబ్బా అని అడుగుతూ మామ అతని వెనకే వెళ్లాడు.

16 జూన్

మళ్లీ నోటికి ఏమీ లేదు. ఆగింది. రొమ్ములు రాయిలా ఉన్నాయి. బాత్రూములో పిండేసి వచ్చాను. తెల్లగా, చిక్కగా, వాసన కూడా బాగానే ఉంది. ఇందులో ఏం పాపం ఉందో ఎంత చూసినా కనబడలేదు.

17 జూన్

ఇవాళ ఏమీ జరగలేదు.

18 జూన్

నిన్న సాయంత్రం నుంచి మళ్లీ నీళ్లు. అంబిక డాక్టరమ్మ చార్టు మూడుసార్లు తిరగేసింది. "నోటికి ఏమీ పోలేదు కదా?" అని సిస్టర్‌ను అడిగింది. లేదంది సిస్టర్. నన్ను అడగలేదు.

తర్వాత మామను, నన్ను గదిలోకి పిలిచింది.

"తిండి పోతేనే విరేచనం అయితే, అది తిండి అరగని జబ్బు. ఏదో ఒక తిండి వెతకచ్చు. ఏమీ తాగకుండానే ఇంత పోతా ఉందంటే పేగే నీళ్లు వదులుతా ఉంది. అట్లాంటివి పుట్టుకతో వస్తాయప్పా. మందు లేదు. బతికినన్ని దినాలూ డ్రిప్పు మీదనే ఉండాల. ఎన్ని దినాలని నేను చెప్పలేను."

"బెంగళూరుకు తీసుకపోతే మేడం?" అన్నాడు మామ.

"రాసిస్తా. ఆడ కూడా ఇదే చెప్తారు. నేను అబద్ధం చెప్పి మిమ్మల్ని తిప్పలేను."

మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంపెనీలో సూపర్వైజరు ముందు నిలబడినట్టు.

నేనేం చేయలేదు.

19 జూన్, పొద్దున

అవ్వ అంది: "పరశా, ఇంటికి తీసకపోదాం నాయనా. సూదులతో పొడిపించుకుంటా ఈడ పోవాల్నా? మన వాకిట్లో నా ఒళ్లో పోనీ."

మామ "సరేమ్మా" అన్నాడు. సరే అన్నాడు! నీళ్ల సీసాలు, పాప గుడ్డలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. ఒక్కో గుడ్డ మడత పెట్టి సర్దుతున్నాడు. పాప మంచం మీద కాళ్లు ఆడిస్తోంది.

రాస్తాను. ఇక్కడ రాస్తేనే అక్కడ చెప్పగలను.

17వ తేదీ మధ్యాహ్నం పాలిచ్చాను. సిస్టర్లు భోజనానికి వెళ్లారు. అవ్వ టీకి వెళ్లింది. పాప తన పిడికిలి చీకుతోంది. మూడు రోజులుగా అది పిడికిలి చీకుతుంటే చూస్తున్నాను. రవిక తడిసిపోయింది. ఒక్క నిమిషం అనుకున్నాను. ఒక్క నిమిషం కాదు. కడుపు నిండా తాగి, రొమ్ము మీదనే నిద్రపోయేదాకా ఇచ్చాను. మూతి తుడిచాను. సిస్టర్ వచ్చి "పాప ఈ దినం బాగా నిద్రపోతా ఉందే" అంటే నవ్వాను.

నిన్న డాక్టరమ్మ మాట్లాడుతుంటే చెప్పాల్సింది. నా నోరు రాలేదు. చెబితే మామ ఏమంటాడో, అవ్వ ఏమంటుందో. బిడ్డను రెండుసార్లు చంపిన దాన్నని అంటారని. బాబు మాట అవ్వ మొహాన కొట్టినదాన్ని కదా నేను.

లేదు, అదీ నిజం కాదు. నా పాలు తాగి అది సుఖంగా నిద్రపోయింది. ఆ ఒక్కటి నాకే ఉంచుకోవాలనిపించింది.

మామ సంచి జిప్ లాగుతున్నాడు. వెళుతున్నాను.

19 జూన్, సాయంత్రం

చెప్పాను.

డాక్టరమ్మ ఔట్‌పేషెంట్లను చూస్తోంది. వరుసలో వాళ్లు అరుస్తున్నా తోసుకుని లోపలికి వెళ్లాను.

"మేడం, నేను పాలిచ్చినాను. మొన్న మధ్యాన్నం. ఎవరికీ చెప్పకుండా ఇచ్చినాను."

పెన్ను కింద పెట్టింది. మొహం ఎర్రబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండును అనుకున్నాను.

"ఎన్ని గంటలకు?"

"ఒకటిన్నర ఉంటుంది."

"ఎంతసేపు?"

"కడుపు నిండేదాక."

"దానికి ముందు, తరవాత?"

"ఇంకేం ఇయ్యలే. మా అమ్మ తోడు."

వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. తర్వాత లేచి నిలబడింది.

"ఏందమ్మా ఇట్ల చేసినావు? నిన్న నేను నీ మొగుడికి ఏం చెప్పినానో ఇన్నావు కదా? ఇని కూడా నోరు తెరవలేదే!" అని, మళ్లీ తనే, "అయితే పేగు నీళ్లు వదలడం లేదు. పాలు పోతేనే విరేచనం. ఓఆర్ఎస్ పోతేనే విరేచనం. ఉచ్చలో చక్కెర..." అంటూ ఆగిపోయింది. "పాప యాడ ఉండాది? తీసకపోయినారా?"

ఇద్దరం మెట్ల మీద పరుగెత్తాం. మామ గేటు దగ్గర ఆటో మాట్లాడుతున్నాడు. డ్రిప్పు తీసేయమని కాగితం మీద సంతకం పెట్టేశాడు, సిస్టర్ ఇంకా తీయలేదు. డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

మామతో కూడా చెప్పాను, అక్కడే గేటు దగ్గర. ఆటో డ్రైవరు వింటుండగానే. మామ విన్నాడు. సంచి నా చేతిలో పెట్టి రోడ్డు దాటి వెళ్లిపోయాడు. సాయంత్రానికి తిరిగి వచ్చాడు. నాతో మాట్లాడలేదు.

21 జూన్

నిన్నా ఇవాళా పరీక్ష. ముందు విరేచనం ఆగేదాకా పస్తు పెట్టారు. తర్వాత గ్లూకోస్ నీళ్లు రెండే చెంచాలు గొట్టంతో పోశారు. మూడు గంటల్లో నీళ్లు. దాన్ని పరీక్ష చేస్తే పోసిన చక్కెర పోసినట్టే ఉందట. మళ్లీ పస్తు. ఇవాళ మధ్యాహ్నం పండ్ల చక్కెర కలిపిన నీళ్లు, అవే రెండు చెంచాలు.

నేను, మామ మంచానికి చెరో వైపు కూర్చున్నాం. మూడు గంటలు. నాలుగు గంటలు. డాక్టరమ్మ ఇంటికి పోకుండా మూడుసార్లు వచ్చి చూసింది. ఐదో గంటకు మామ గుడ్డ లోపల చేయి పెట్టి చూశాడు.

"పొడిగా ఉండాది" అన్నాడు. రెండు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

22 జూన్

డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

పేగు లోపలి గోడంతా కణాలు. ఆ కణాల అంచున ఒక మాంసకృత్తు ఉంటుంది. అది ఉప్పునూ గ్లూకోసునూ కలిపి పట్టుకుని లోపలికి మోస్తుంది. మా పాపకు అది పుట్టుకతోనే పని చేయదు. పాలలో చక్కెర కడుపులో రెండుగా విడిపోతుందట. ఆ రెండింటినీ మోయాల్సింది ఇదే. మోయకపోతే చక్కెర పేగులోనే నిలిచిపోతుంది. ఒంట్లో నీళ్లనంతా తన వైపు లాక్కుని కిందికి పోతుంది.

"మరి ఉచ్చలో చక్కెర ఎందుకుండాది మేడం?" అని మామ అడిగాడు.

"కిడ్నీ రక్తాన్ని వడగట్టేటప్పుడు అందులో ఉండే చక్కెర కూడా దిగిపోతుందప్పా. దాన్ని ఉచ్చలో పోనీకుండా మల్లా రక్తంలోకి లాక్కోవాల. కిడ్నీలో దానికి రెండు రకాలు ఉండాయి. మొదటిది వేరే రకం, చానా వరకు అదే లాగేస్తుంది. మిగిలిన కొంచెం చివర్లో లాగేది ఇదే, పేగులో ఉండేదే. పాపకు అది లేదు కాబట్టి ఆ కొంచెం ఉచ్చలో పోతా ఉంది. షుగర్ జబ్బు కాదు. కిడ్నీకేం భయం లేదు. పేగులో మాత్రం ఈ పనికి ఇదొక్కటే ఉండాది. అందుకే ఆడ ఇంత కష్టం."

"డ్రిప్పులో పోయేది గ్లూకోసే కదా? అది ఎట్ల పడుతుంది?" ఇది నేను అడిగాను.

"అది నేరుగా రక్తంలోకి పోతా ఉంది కదా. కండల్లో, మెదడులో కణాలు రక్తంలోంచి చక్కెర తీసుకునే దారులు వేరే. అవన్నీ బాగుండాయి. పేగు దాటించడమే కష్టం. పండ్ల చక్కెరకు పేగులో వేరే దారి ఉండాది, అట్ల దాటిస్తాం."

"అయితే మేకపాలు?"

"మేకపాలు, ఆవుపాలు, గంజి, బెల్లం నీళ్లు, ఏదైనా కడకు ఆ చక్కెరే. నీ పాలదేం తప్పు లేదమ్మా. ఏ పాలైనా ఇంతే."

బాబు గురించి అడిగాను. పరీక్ష లేకుండా చెప్పలేనంది. తర్వాత, నేను లేవబోతుంటే, "అదే అయ్యుంటుంది" అంది.

నా పాలు మానకపోయి ఉంటే బతికేవాడని రెండేళ్లు నమ్మాను. ఆ నమ్మకంతోనే అవ్వ మొహం చూశాను ఇన్నాళ్లూ. నా పాలిచ్చినా పోయేవాడే. అవ్వ పోయించిన పాలతోనూ పోయాడు.

24 జూన్

నెత్తురు బెంగళూరు ల్యాబుకు పంపుతున్నారు. దానికి ముందు డాక్టరమ్మ కాగితం మీద మా వంశం గీసింది. మేనమామను చేసుకున్నానంటే తల ఊపింది. ఇద్దరి దగ్గరా చెడిన జీను ఒక్కొక్కటి ఉంటే మాకేమీ కాదు, రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. దగ్గరి చుట్టాల్లో అది కలిసే వీలు ఎక్కువ. మళ్లీ బిడ్డ పుడితే నాలుగింట ఒక వంతు భయం ఉంటుందంది.

"మీ ఇంట్లో ఇంకెవరైనా పసిబిడ్డలు ఇట్ల పోయినారా?"

"లేదు మేడం" అన్నాడు మామ.

"పోయినారు."

వాకిలి దగ్గర అవ్వ. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఇద్దరు పోయినారు. మీ అమ్మ తరవాత, వీడికి ముందర. మీ తాత కూడా నాకు మేనమామ కొడుకే కదా. ఒకడు తొమ్మిది దినాలు. ఇంకొకతె పదకొండు. ఇట్లే గుడ్డలు తడిపి తడిపి పోయినారు."

మామ నోరు తెరిచి చూస్తున్నాడు. తన ముప్పై రెండేళ్లలో ఈ మాట ఇంట్లో ఎవరూ అనలేదు.

"మా అత్త నా రొమ్ములకు వేపాకు నూరి పట్టు వేసింది. బిడ్డల్ని తినే పాలు అనింది. వీడు పుట్టినప్పుడు ఒక్క చుక్క కూడా నేను తాపలే. మేకపాలతో సాకినాను, బతికినాడు. మీ అమ్మకు తాపినాను, బతికింది. అదెట్లనో నాకు తెలియలే. నాలో ఉండే చెడ్డది నా కూతురికి, దాన్నుంచి నీకు వచ్చిందేమో అనుకున్నా అమ్మణ్ణీ. అందుకే నిలిపెయ్ నిలిపెయ్ అనినాను. నీ మీద కోపంతో కాదు."

డాక్టరమ్మ కాగితం మీద ఇంకో రెండు గుర్తులు గీసి, వాటి మీద అడ్డగీతలు కొట్టింది. పెన్ను చప్పుడు వినబడింది.

నేను లేచి అవ్వ దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేదు. నాలుగు అడుగుల దూరం.

25 జూన్

వెళ్లాను. పొద్దున వరండాలో అవ్వ తల దువ్వుకుంటుంటే వెనక కూర్చుని దువ్వెన తీసుకున్నాను. చిక్కు తీశాను.

28 జూన్

సరైన పాలపొడి ఈ దేశంలో దొరకదట. బయటి నుంచి రావడానికి మూడు వారాలు. అంతవరకు కోడిమాంసం!

ఉడికించిన మాంసాన్ని వెన్నలా నూరి, పలచని గుడ్డలో వడగట్టి, కొబ్బరినూనె, పండ్ల చక్కెర, కాల్షియం మందు, విటమిను చుక్కలు కలిపి గొట్టంలో పోయాలి. ఆసుపత్రి వంటగదిలో మిక్సీ ఉంది. అందులో నలిగినది వడగట్టే గుడ్డలో మిగిలిపోతోందని అవ్వ రోలు అడిగింది. రోలు లేదంటే ఎదురుగా టిఫిన్ సెంటర్ ఆంజినప్పను అడిగి ఆయన రుబ్బురోలును వేన్నీళ్లతో మూడుసార్లు కడిగి కూర్చుంది. గంటన్నర నూరింది. గుడ్డలో పిప్పి మిగల్లేదు. సిస్టర్ అదంతా మళ్లీ మరగబెట్టి తీసుకుంది.

మొదటిసారి ఐదు మిల్లీలీటర్లు. పాప వాంతి చేసుకుంది. రెండోసారి నిలిచింది.

29 జూన్

ఒకసారి పలచగా పోయింది. పొద్దంతా నా గుండె నా దగ్గర లేదు. నూనె ఎక్కువైందట. తగ్గించారు.

2 జూలై

రెండు కిలోల మూడు వందల పది. నిన్నటి కంటే ఇరవై గ్రాములు.

డ్రిప్పు నీళ్లతో కాకుండా తిండితో పెరగడం పుట్టిన దగ్గర్నుంచి ఇదే మొదటిసారి.

3 జూలై

ఇరవై ఐదు గ్రాములు.

5 జూలై

నా పాలు మాత్రం ఆగడం లేదు. పిండి పారబోస్తున్నాను రోజుకు నాలుగుసార్లు. బాత్రూములో నీళ్లు వదిలి అవి తెల్లగా తూములోకి పోయేదాకా చూడను, తల తిప్పుకుంటాను. మాత్ర వేసి ఆపేద్దామా అని అముద సిస్టర్‌ను అడిగాను.

"ఆపేది ఎందుకమ్మా? పైన పాల బ్యాంకు ఉండాది. నెల తక్కువ పిల్లలకు పాలు చాలడం లేదు. నెత్తురు పరీక్ష చేసి తీసుకుంటారు. ఇస్తావా?"

"నా పాలా?" అన్నాను.

"ఇంకెవరి పాలు?"

8 జూలై

నెత్తురు పరీక్ష బాగుంది. ఇవాళ మొదటిసారి ఇచ్చాను. నూట నలభై మిల్లీలీటర్లు. సీసా మీద తేదీ రాసి చీటీ అంటించారు. చేతిలో పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఏడుపు వచ్చింది. వేరే బిడ్డకు ఇవ్వడం ఇష్టం లేక కాదు. మా పాప కింద వార్డులో కోడి రసం తాగుతోంది, నా పాలు పైన అంతస్తులో.

మామతో చెప్పాను. "మంచిదే" అన్నాడు. తర్వాత, "ఆ దినం నువ్వు చెప్పకపోయింటే నేను తీసకపోయేవాణ్ణి మీనా. సంచి కూడా సర్దేసినాను" అన్నాడు. సంతకం పెట్టిన చేతిని చూసుకుంటున్నాడు.

నేను ఇవ్వకపోయి ఉంటే ఆయన ఆ సంతకం పెట్టేవాడే కాదు. అది ఇద్దరికీ తెలుసు.

13 జూలై

రెండు కిలోల ఆరు వందలు. ల్యాబు నుంచి కాగితం వచ్చింది. డాక్టరమ్మ అనుకున్నదే. పొడి వచ్చే వారం వస్తుంది. మూడేళ్లు దాటేదాకా అన్నం, రాగి, పాలు ఏవీ పెట్టకూడదు. పెద్దయ్యాక కొంచెం కొంచెం తట్టుకుంటుందేమో చూడాలంది. కోడిగుడ్డు, మాంసం, కొన్ని ఆకుకూరలు పెట్టచ్చు. పండ్లలో కూడా అన్నీ కావు. జాబితా ఇచ్చింది. తమిళంలో ఉంది, మామ చదివాడు, నేను తెలుగులో రాసుకున్నాను.

మామిడిపండు జాబితాలో లేదు. కృష్ణగిరి మామిడి సీమలో పుట్టి మామిడే తినకూడదా, అన్నాడు మామ.

15 జూలై

ఇవాళ పాలు ఇవ్వడానికి పైకి వెళుతుంటే అవ్వ "నేనూ వస్తా" అంది. రుబ్బురోలు దగ్గర్నుంచే లేచి చేయి కడుక్కుని వచ్చింది.

పిండి సీసా ఇచ్చాను. అవ్వ సీసా వైపే చూస్తోంది. అముద సిస్టర్ అక్కడే ఉంది.

"ఈ పాలు నిజంగానే ఏరే బిడ్డలకు పోస్తారా?"

"పోస్తాం అవ్వా. రా, చూపిస్తా."

అద్దం ఇవతల నిలబడ్డాం. లోపల పెట్టెలో అరచేయంత బిడ్డ. అత్తిముగం నుంచి వచ్చినవాళ్లట, ఏడో నెలలోనే కాన్పు. సన్నని గొట్టంలో పాలు తెల్లని గీతలా దిగుతున్నాయి.

"అవి మీనావేనా?"

"నాలుగైదు మంది తల్లులవి కలిపి కాచి పోస్తాం. అందులో మీనావి కూడా ఉండాయి."

"విరేచనం పోతా ఉందా ఆ బిడ్డకు?"

"లేదవ్వా. బాగా అరిగించుకుంటా ఉండాడు. వారంలో నూరు గ్రాములు ఎక్కినాడు."

అవ్వ అద్దానికి నుదురు ఆనించింది. ఊపిరికి అద్దం మసకబారితే కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. గొట్టంలో పాలు అయిపోయేదాకా కదలలేదు. సిస్టర్ వెళ్లిపోయింది.

మెట్లు దిగుతున్నప్పుడు సగంలో నిలబడి కమ్మీ పట్టుకుంది. మోకాళ్లు నొప్పేమో అనుకున్నాను.

"అమ్మణ్ణీ."

"ఏమవ్వా?"

"అయితే నావి కూడా మంచివేనా?"

మెట్ల మీద జనం ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మేం దారికి అడ్డంగా ఉన్నాం. ఎవరో "జరగండమ్మా" అన్నారు.

"మంచివేనవ్వా" అన్నాను. "నీ పాలు మంచివే."

అవ్వ అక్కడే మెట్టు మీద కూర్చుంది. కొంగు రొమ్ము దగ్గరికి లాక్కుని, రెండు చేతులతో అదుముకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ పక్కనే కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు మమ్మల్ని తప్పుకుంటూ పోయారు.